వెనక పేజీ

రెండు వంతెనలూ కొట్టుకుపోయిన వరదకి అది మూడో ఏడు. బడి గోడల మీద నీళ్ళు నిలిచిన గీత ఇంకా పోలేదు. సున్నం వేస్తే నెల తిరక్కుండా మళ్ళీ పైకి తేలేది. వసారా చివరి గదిలో ఆ గీతకి జానెడు పైన, ఎత్తు బల్ల మీద, చేత్తో తిప్పి కాగితాలు అచ్చువేసే సైక్లోస్టైల్ మిషను ఉండేది. దాన్ని తిప్పే మనిషిని బడిలో అందరూ మిషనాయన అనేవారు.

ఆ ఏడు పదో తరగతిలో కొత్తగా ఇంగ్లీషు స్పెషల్ సెక్షను పెట్టారు. మార్కులు చూసి ఇరవై అయిదుగుర్ని ఏరారు. మిగతావాళ్ళకి ఒక పుస్తకమైతే వీళ్ళకి నాలుగు నవలలు. మిగతావాళ్ళకి ప్రశ్నా జవాబూ బోర్డు మీద రాసి పడేస్తే, వీళ్ళకి వారం వారం ఒక కాగితం. ఏ అధ్యాయాలు చదవాలి, చదివేటప్పుడు దేన్ని పట్టి చూడాలి, ఏం రాయాలి, ఎప్పటికి ఇవ్వాలి, అన్నీ అందులో ఉండేవి. ఆ కాగితం మిషనాయన చేతుల మీదుగానే పోవాలి. ఒకటి ఎక్కువ కాకూడదు, ఒకటి తక్కువ కాకూడదు. పాడైనవాటిని చింపెయ్యాలి.

ఏరినవాళ్ళలో గుమాస్తా కూతురు ఉంది. మిషనాయన కూతురు లేదు.

గుమాస్తా, మిషనాయన తోడల్లుళ్ళు. ఒకే బడిలో ఒకాయన ఆఫీసులో ఫ్యాను కింద, ఇంకొకాయన వసారా చివర సిరా వాసనలో. పిల్లలిద్దరికీ నాలుగు నెలలే తేడా. అయినా గుమాస్తా కూతుర్ని పెద్దది అనీ, మిషనాయన కూతుర్ని చిన్నది అనీ రెండిళ్ళలో అలవాటైపోయింది. ఏరిక రోజున చిన్నదానికి రెండు మార్కులు తగ్గాయి. రెండంటే రెండు. అప్పటినుంచి వారం వారం పెద్దదాని కాగితం తన చేత్తో తిప్పి ఇవ్వడం మిషనాయనకి వంతైంది. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ ఒక కాగితం జారి తట్టలో పడేది. అందులో ఏది దానికి పోతుందో తెలియదు గనక, అన్నీ దానివే అనిపించేవి.

ఆ గురువారం ఇంగ్లీషు టీచరు టైపు చేసిన స్టెన్సిళ్ళు ఒకటికి రెండు తెచ్చింది.

"ఈసారి రెండు పక్కలా వెయ్యాలి. ఇరవై నాలుగు. ఒకబ్బాయి వాళ్ళ నాన్నకి బదిలీ అయి వెళ్ళిపోయాడుగా."

మిషనాయన స్టెన్సిళ్ళు అందుకుని తలూపాడు.

"వెనక పేజీ జాగ్రత్త. ముందు పేజీలో ఉన్నది ప్రశ్నే. ఎలా రాయాలో అంతా వెనకే చెప్పాను. అది చదవకుండా రాసినవాళ్ళు కథంతా మళ్ళీ నాకే చెబుతారు. అలాంటివి నేను పక్కన పడేస్తాను."

ఆమె వెళ్ళబోతుంటే మిషనాయన గొంతు సవరించుకున్నాడు. అది వినడమే అరుదు గనక టీచరు ఆగింది.

"ఆ ఖాళీ సీటుకి బయట పిల్లలు కూడా రాయొచ్చని చీటీ పెట్టారు గదమ్మా."

"అవును. మంగళవారం సాయంత్రం లోపు ఇవ్వాలి. అందరికంటే బాగా రాసినవాళ్ళని తీసుకుంటాను. మీ అమ్మాయి రాస్తోందా?"

"రాస్తానంటోంది. మరి వాళ్ళకి కాగితం?"

"ప్రశ్న బోర్డు మీద ఉందిగా."

"వెనకది?"

టీచరు చేతి గడియారం చూసుకుంది. "అది మా క్లాసుకే. బడంతా పంచాలంటే హెడ్మాస్టరుగారు కాగితం ఇవ్వరు. అయినా బయటివాళ్ళు సొంతంగా ఎంత రాయగలరో నేను చూడాలి కదా."

ఇరవై నలుగురికి దారి చూపించి, మిగతావాళ్ళని చీకట్లో నడవమని, ఎవరు ముందొస్తారో చూస్తానంటే ఎలా అని మిషనాయనకి అడగాలనిపించింది. స్టెన్సిళ్ళు సరిచేస్తూ ఉండిపోయాడు. ఆమె వెళ్ళిపోయింది.

అతను డ్రమ్ముకి సిరా పట్టించాడు. మొదటి స్టెన్సిల్ కొక్కేలకి తగిలించి, ముడత లేకుండా అరచేత్తో నిమిరి, దాని వెనక అంటి ఉన్న దళసరి కాగితం చింపేశాడు. నాలుగు చిత్తు కాగితాల మీద తిప్పితే అక్షరాలు పొగమంచులోంచి వచ్చినట్టు వచ్చాయి. అయిదోది నల్లగా పడింది. ఇరవై నాలుగూ తిప్పి, ఒకదానికొకటి అంటకుండా బల్ల నిండా పరిచాడు. తడి ఆరేదాకా అటూ ఇటూ తిరిగాడు. ఆ మూడు నవలల సంగతేమో గానీ ఈ నాలుగోది అతనికి తెలుసు. చిన్నది వాళ్ళమ్మకి చెబుతుంటే విన్నాడు. రేవులో పడవ నడిపే ఒక విధవరాలు, తన మొగుణ్ణి ముంచినవాణ్ణే ఒక తుపాను రోజున ఒడ్డుకి చేరుస్తుంది. "ఎందుకు చేర్చినట్టే? తెడ్డుతో ఒక్కటి వెయ్యక!" అంది వాళ్ళమ్మ. చిన్నది నవ్వింది. అతను నవ్వలేదు గానీ, అదే అనుకున్నాడు.

ఆరాక కట్ట తిరగేసి వెనక పక్క వేశాడు. పద్దెనిమిదో పందొమ్మిదో దగ్గర హ్యాండిల్ కొంచెం బరువుగా తిరిగింది. ఆ బరువు అతని భుజానికి తెలుసు. రెండు కాగితాలు అతుక్కుని ఒకటిగా పోయాయి. తట్టలోంచి తీసి విడదీశాడు. పైదాని వెనక అచ్చు నిండుగా ఉంది. కిందిదాని వెనక తెల్లగా ఉంది. మామూలుగా అయితే ఆ తెల్లదాన్ని వెంటనే మళ్ళీ పెట్టి తిప్పేవాడే. తిప్పేలోపే గుమ్మంలో ఇస్త్రీ చొక్కా కనబడింది.

"ఏమయ్యా, మిషను పాడుతోందా ఇవాళ?" అన్నాడు గుమాస్తా. "మా దొరసాని కాలు బెణికించుకుని మంచంలో పడింది. ఏటి మెట్లన్నీ వరదకి పోయాయి, సర్కారు కట్టించలేదు, మా పిల్ల మాత్రం ఉన్నాయనుకుని దిగింది. వారం దాకా బడికి రాదు. దాని కాగితం ఇటివ్వు, ఇంటికి పట్టుకుపోతాను. శుభ్రంగా ఉన్నది చూసి ఇయ్యి బాబూ. పోయినసారి నీ బొటనవేలు కూడా అచ్చేసి ఇచ్చావు. మా అమ్మాయి అది కూడా పాఠమే అనుకుని కాసేపు చూసిందట."

మిషనాయన చూపు గుమాస్తా చేతుల మీద పడింది. గుమాస్తా గోళ్ళు తెల్లగా ఉన్నాయి. తన గోళ్ళ చుట్టూ ఉన్న నలుపు పెళ్ళినాటి ఫోటోలో కూడా ఉంది.

"చిన్నది కూడా రాస్తోందటగా సీటుకి? రాయనీ, రాయనీ. రాస్తే పోయేదేముంది."

ఆ చివరి మాట గుమాస్తా మంచిగానే అన్నాడు. అలా మంచిగా అనడమే మిషనాయనకి సహించలేదు. పోయేదేముందట. వాళ్ళకి పోయేదేమీ ఉండదు. పోయేదంతా ఈ పక్కే.

తెల్ల వీపు కాగితం ఎడమ చేతిలో ఉంది. దాన్ని అంచులు పట్టుకుని, ముందు పేజీ పైకి కనబడేట్టు అందించాడు.

"ఇది శుభ్రంగా ఉంది," అన్నాడు.

గుమాస్తా దాన్ని మధ్యకి మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎప్పుడూ ఒక పక్కే వచ్చే కాగితం. తిప్పి చూడాలని అతనికెందుకు తోస్తుంది?

మిగిలినవాటికీ వెనక పక్క వేసి, ఇరవై మూడూ లెక్కపెట్టి, అంచులు బల్లకి తట్టి సమం చేసి, టీచరు గదిలో పెట్టి వచ్చాడు.

శుక్రవారం అంతా అతనికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఆఫీసు గది ముందు నుంచి రెండుసార్లు పనిలేకుండా నడిచాడు. గుమాస్తా తలవంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. మంగళవారం దాటాక ఆ తల ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. 'ఏంటయ్యా, మా అమ్మాయి కాగితం పక్కన పడేసిందట ఆవిడ' అని గుమాస్తా తన గదికి వచ్చి చెబుతున్నట్టు, తను డ్రమ్ము తుడుస్తూ 'అలాగా' అంటున్నట్టు అనిపించింది. ఆ 'అలాగా' ని ఎలా అనాలో కూడా ఆలోచించాడు.

సాయంత్రం చిన్నది పొద్దుపోయి వచ్చింది.

"లైబ్రరీలో ఉన్నాను నాన్నా," అంది చెప్పులు విప్పుతూ.

"లైబ్రరీ ఆరింటికి మూస్తారు," అన్నాడు.

"అబ్బో, ఈయనకి మాటలొచ్చాయివాళ," అంది భార్య వంటింట్లోంచి. "రోజూ హ్యాండిల్ తిప్పితే గానీ ఒక్క మాట రాలదు, దాన్ని ప్రశ్నలు వెయ్యడానికి మాత్రం తన్నుకొస్తాయి. చదువుకునే పిల్లని చదువుకోనివ్వండి."

శనివారం చిన్నది కిటికీ దగ్గర పీట వేసుకుని రోజంతా రాసింది. కొట్టేసి రాసింది, చింపి రాసింది. మధ్యలో పెన్ను నోట్లో పెట్టుకుని గోడ వైపు చూసేది. మిషనాయన మంచం మీద పడుకుని ఆ వీపునే చూశాడు. పాపం, ఏ ఆధారం లేకుండా ఎంత కష్టపడుతోందో అనుకున్నాడు. అక్కడ అంత ఆధారం ఉండి, టీచరుండి, తండ్రి కుర్చీలో ఉండి, మంచం మీదికి అన్నీ అమరుతుంటే ఆ పిల్ల రాయడం ఒక రాయడమా? ఈసారి ఇద్దరూ ఒకే గీత దగ్గర నుంచున్నారు. అంతే తను చేసింది. తక్కువ చెయ్యలేదు, సమం చేశాడు. అలా అనుకుని అటు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం దాటాక చిన్నది రాసింది అయిపోయింది. శుభ్రంగా ఎత్తి రాసిన పన్నెండు పేజీలు కుట్టడానికి సూదీదారం కోసం వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. గాలికి పేజీలు లేస్తున్నాయని మిషనాయన వెళ్ళి చెయ్యి పెట్టాడు. పన్నెండు పేజీల కింద, మధ్యకి మడిచిన మడత గుర్తుతో, ఒక అచ్చు కాగితం ఉంది.

తన అచ్చు తను పోల్చుకోకపోవడమనేది లేదు. డ్రమ్ము అంచున ఉన్న గాటు వల్ల కుడి పక్కన వెంట్రుకంత గీత పడుతుంది. ఆ గీత ఉంది. అతను కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిరగేశాడు.

తెల్లగా ఉంది.

చిన్నది సూది పట్టుకుని వచ్చి, ఆయన చేతిలో కాగితం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వెనకే వాళ్ళమ్మ.

"ఇది ఎక్కడిది?" అన్నాడు.

చిన్నది తల్లి వైపు చూసింది.

"చెప్పేయవే, కొరుక్కుతింటారా ఏంటి," అంది తల్లి. "పెద్దది ఇచ్చింది. జూన్ నుంచీ ఇస్తోంది, వారం వారం. ఇద్దరూ అక్కడే కూర్చుని చదువుకుంటున్నారు. మా అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. మీకు చెబితే ఏమంటారు? వాళ్ళు డిక్షనరీ పంపిస్తే, వాళ్ళు వదిలేసినవి మనకెందుకని గుమ్మంలోంచే తిప్పి పంపారు. అందుకని లైబ్రరీ అన్నాం. అబద్ధమే. నేనే చెప్పమన్నాను."

"అక్క ఈసారి తనకంటే ముందు నన్నే రాసుకోమంది నాన్నా," అంది చిన్నది. "నాకు సీటు ఉంది కదా, నీకు కావాలి గదా, నీ దగ్గరే ఉంచుకో, ప్రశ్న నేను ఎక్కించుకున్నాను అంది. నేను రాసింది కూడా నిన్న రాత్రి తనే దిద్దింది. ఇద్దరం ఒకేలా..." ఆయన మొహం చూసి ఆగింది. "ఏమైంది?"

"ఇందులో ఏం రాశావ్?"

"కథ. మొదటి నుంచీ చివరి దాకా. ఏదీ వదల్లేదు."

మిషనాయన కాగితాన్ని పన్నెండు పేజీల మీద, తెల్ల పక్క పైకి పెట్టి ఉంచాడు. కూర్చున్నాడు. లేచాడు.

"దీనికి వెనక పేజీ ఉంది," అన్నాడు. "కథంతా రాస్తే ఆవిడ పక్కన పడేస్తుందట. ఎలా రాయాలో వెనక ఉంది."

"మరి ఇందులో లేదేం?"

"రెండు అతుక్కుపోయాయి. ఇది తెల్లగా వచ్చింది."

"చూసుకోలేదా?"

ఒక్క 'లేదు' చాలు. దానికి నోరు పెద్దగా తెరవక్కర్లేదు కూడా. అతను నేల వైపు చూశాడు.

"చూశాను. మీ పెదనాన్న అడిగితే చూసే ఇచ్చాను."

చిన్నదానికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఏడవలేదు, అరవలేదు. సూదిని జాకెట్టు అంచుకి గుచ్చుకుంది. పన్నెండు పేజీలూ తీసి, ఒక్కొక్కటీ అంచులు కలిపి, అచ్చంగా అతను కాగితాలు సమం చేసినట్టే పీటకి తట్టి సమం చేసింది.

"అక్క కాలు నొప్పితో రాత్రి దాకా కూర్చుంది నాన్నా," అంది.

భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన్ని దెప్పకుండా ఆమె వెళ్ళడం ఆ ఇంట్లో అదే మొదలు.

మర్నాడు తెల్లవారుతూనే మిషనాయన ఆ కాగితం తీసుకుని బడికి వెళ్ళి గది తాళం తీశాడు. రెండో స్టెన్సిల్ పాత పేపరు మడతలో ఇంకా ఉంది. చింపెయ్యాల్సింది, చింపలేదు. డ్రమ్ముకి తగిలించి, సిరా నల్లబడేదాకా చిత్తు కాగితాల మీద తిప్పాడు. తర్వాత ఆ ఒక్క కాగితాన్నీ తెల్ల పక్క పైకి పెట్టి, మడత నొక్కి పట్టి, హ్యాండిల్ ఒకే ఒక్కసారి తిప్పాడు. ఆరేదాకా చేత్తో పట్టుకుని ఊపుతూ గుమాస్తా ఇంటికి నడిచాడు.

గుమాస్తా పెరట్లో కిటికీ ఊచకి అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహం నురగ.

"అన్నగారూ, గురువారం నేనిచ్చిన కాగితం సగమే."

"సగమేంటి?"

"వెనక పేజీ లేదు. అసలు సంగతంతా అందులోనే ఉంది. ఇదుగో, ఇప్పుడు వేసుకొచ్చాను."

గుమాస్తా కాగితం తిప్పి చూశాడు. "మిషను చేసిన తప్పేనా? దానికింత పొద్దున్నే..."

"మిషను తప్పే. అది నేను చూశాను. చూసి ఇచ్చాను."

గుమాస్తా చేతిలో కత్తి ఆగింది. "నా కూతురు నీకేం చేసింది?"

"ఏం చెయ్యలేదు."

"మరి?"

"కుళ్ళు, అన్నగారూ."

నురగ గుమాస్తా చెంప మీద ఆరిపోతోంది. "హెడ్మాస్టరుకి చెబితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. చెప్పండి. ముందు ఇది పిల్లకివ్వండి, రేపు సాయంత్రానికి రాయాలి."

"ఏ పిల్లకి? మా దానికా, మీ దానికా?"

ఈలోగా పెద్దది గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "బాబాయ్, అదేంటి? ఆ కాగితం చిన్నదాని దగ్గర ఉండాలే!" అని నాలుక కరుచుకుంది.

గుమాస్తా కూతుర్ని చూశాడు. వంటింటి వైపు చూశాడు. అక్కడ గిన్నెల చప్పుడు చటుక్కున ఆగిపోయింది.

"అంటే చిన్నది కూడా దీన్ని చూసే..." అన్నాడు. మిషనాయన వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"నిన్న తెలిసింది."

"ఈ రెండిళ్ళలో మనిద్దరికే ఏమీ తెలియదన్నమాట," అన్నాడు గుమాస్తా. నవ్వు రాలేదు. కోపం కూడా సరిగ్గా రాలేదు. కాగితం కూతురి చేతికిచ్చి అద్దం వైపు తిరిగాడు.

పెద్దది నిలబడే చదివింది. "అయ్యో బాబాయ్, మేం రాసిందంతా తప్పే."

"ఏముందమ్మా అందులో?" అన్నాడు ఇంగ్లీషు చదవడం రాని మిషనాయన. ఇన్నేళ్ళలో ఏ కాగితం గురించీ అతను ఎవర్నీ అడగలేదు.

"కథ నాకు తెలుసు, మళ్ళీ చెప్పకండి అంది మేడమ్. ఒక్క మనిషిని పట్టుకోండి. ఆ మనిషి చేసిన ఒక్క పనిని తీసుకోండి. ఎందుకు చేసిందో మీకు తోచింది రాయండి. కథలోంచే మూడు చోట్లు చూపించండి. తెలియకపోతే తెలియదని రాయండి, దానికి మార్కులు తగ్గవు అంది."

"ఇంకా?"

"ఇంతే బాబాయ్. మిగతాదంతా వీటికి ఉదాహరణలు."

"ఇంతేనా," అన్నాడు. "నువ్వు ముందు రాసుకో. అయ్యాక చిన్నదాన్ని పిలిపించుకో. అది రాకపోతే నేను తీసుకొస్తాను."

గుమాస్తా అద్దంలోంచే, "బెల్లుకి ముందే పంపించు. నేను హెడ్మాస్టరుకి సెలవు చీటీ రాసిస్తాను. ఇద్దరికీ," అన్నాడు. మిగతా సగం గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. అతను హెడ్మాస్టరుకి ఇంకేం చెబుతాడో, చెప్పడో, ఆ మాటలో తెలియలేదు.

మిషనాయన ఇంటి మీదుగా వెళ్ళి, చిన్నదానికి ఆ కబురు చెప్పి, బడికి వచ్చాడు. ఇంకా ఎవరూ రాలేదు. స్టెన్సిల్ డ్రమ్ము మీద నుంచి విప్పి, చింపకుండా, కిరసనాయిలు గుడ్డతో సిరా అంతా మెల్లగా తుడిచాడు. వసారా వైపు కిటికీ రెక్క మూశాడు. దాని అద్దానికి లోపలి నుంచి స్టెన్సిల్‌ని నాలుగు మూలలా జిగురు కాగితంతో అతికించాడు. వెనక తలుపు బార్లా తెరిచాడు. పొద్దు స్టెన్సిల్ వెనక పడింది. టైపు కోసిన ప్రతి అక్షరంలోంచీ వెలుతురు వచ్చింది. బయటికి వెళ్ళి చూశాడు. పైన పేజీ నంబరుగా ఉన్న రెండు అంకె తిరగబడి ఉంది. లోపలికి వచ్చి, విప్పి, తిరగేసి అతికించి, మళ్ళీ బయటికి వెళ్ళి చూశాడు. ఈసారి రెండు రెండులాగే ఉంది.

మొదటి బెల్లుకి ముందు పిల్లలు రావడం మొదలైంది. స్పెషల్ సెక్షనులో లేని ఒక పిల్ల నడుస్తూ నడుస్తూ కిటికీ దగ్గర ఆగింది. సంచి కింద పెట్టింది. ఇంకో ఇద్దరు ఆమె భుజాల మీదుగా చూశారు. ఒకడు జేబులోంచి చీటీ తీసి గోడకి ఆనించి రాసుకోసాగాడు.

మిషనాయన వాళ్ళ వైపు వీపు పెట్టి డ్రమ్ము తుడుస్తున్నాడు. వసారా ఆ చివర టీచరు చెప్పుల చప్పుడు వినబడింది. దగ్గరికి వచ్చింది. కిటికీ దగ్గర ఆగింది.

అతను కిటికీ వైపు తిరిగి, గుడ్డ కింద పెట్టి, ఆమె ఏమడిగినా చెప్పడానికి లేచి నిలబడ్డాడు.